బండనత్తకు పౌరుషం

జూన్ 3

మృగాల తలరాతలు రాసే అక్కగారికి, కళ్లజోళ్ల షాపులో స్క్రూలు బిగించుకునే తమ్ముడు పెట్టుకున్న అర్జీ.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఏమిటని కంగారు పడకు. అమ్మ బాగానే ఉంది. ఉద్యోగంలో చేరినప్పుడు నువ్వు సంతకం పెట్టిన కాగితం నాకు చదివి వినిపించావు కదా. పోటీల్లో ఆడేవాళ్లతో ఆట గురించి ఫోన్లో గానీ, మెయిల్లో గానీ, చాట్‌లో గానీ మాట్లాడితే ఉద్యోగం ఊడుతుందని. అది రాసిన పెద్దమనిషికి లోకంలో కాగితం, కలం ఇంకా ఉన్నాయన్న సంగతి గుర్తు రాలేదు. అందుకని పోస్టాఫీసుకు వెళ్లి స్టాంపులు కొన్నాను. కౌంటర్లో ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ప్రేమ వ్యవహారమా బాబూ?" అంది. అక్కకు రాస్తున్నానంటే నమ్మలేదు.

సంగతేమిటంటే, ఈసారి మీ కంపెనీ చేసే మృగాల పోరు వీడియో గేమ్‌లో ఎత్తులు, వస్తువులు, గుణాలు తిరగరాసే పని మొత్తం నీ చేతికిచ్చారని విన్నాను. ఎవరు చెప్పారని అడగకు. అందరూ తెగ సంబరపడుతున్నారు. "ఇక బండనత్త పని అయిపోయింది" అని నా మొహం మీదే అంటున్నారు.

నా బండనత్త గురించి నీకు తెలియనిది లేదు. అయినా చెబుతాను, మీ ఆఫీసులో దాన్ని ప్రేమగా చూసినవాళ్లు ఒక్కరూ ఉన్నట్టు లేరు గనక. దాని గుణం మొండితనం. ఎంత పెద్ద దెబ్బైనా, ఒక్క దెబ్బకు చావదు. దాని ఎత్తు ముడుచుకోవడం. గుల్లలోకి దూరిందంటే దెబ్బ సగమే తగులుతుంది. దాని చేతికి నేనిచ్చే వస్తువు తడిగుడ్డ. నత్తకు చేతులెక్కడివని అడగకు, ఆ బొమ్మ గీసింది మీవాళ్లే. తడిగుడ్డ ఉంటే వంతు వంతుకూ కాస్త ప్రాణం తిరిగొస్తుంది. అవతలివాడు కొట్టీ కొట్టీ అలిసిపోతాడు, చివరికి వాడి దగ్గర ఎత్తులు నిండుకుంటాయి, నేను గెలుస్తాను. ఇందులో మోసం లేదు, ఓపిక ఉంది. జనం నాకు నిద్రమాత్ర అని పేరు పెట్టారు. పెట్టనీ.

మా షాపుకు ఎదురు మేడ మీదున్న పళ్ల డాక్టరు నీకు గుర్తున్నాడు కదా. పగలు అమ్మ కట్టుడు పళ్లకు కొలతలు తీస్తాడు, సాయంత్రం ఇదే ఆటలో నన్ను దుమ్మెత్తి పోస్తాడు. ఏడాది చివర జరిగే పెద్ద పోటీకి మా ఇద్దర్నీ ఎంపిక చేశారు. అక్కా, ఒక్కసారి ఆ పెద్ద హాల్లో, అంతమంది చూస్తుండగా, బండనత్తతో గెలవాలని ఉంది. ఆ తర్వాత మీరు దాన్ని ఉడకబెట్టుకు తిన్నా అడగను. అప్పటిదాకా దాని జోలికి వెళ్లకు.

నీ తమ్ముడు,
ఓపిక ఉన్నవాడు


జూన్ 14

నిద్రమాత్రకు,

నీ ఉత్తరం చూసి మా ఇంటి పోస్ట్‌మన్ బెదిరిపోయాడు. ఈ వీధిలో అతను చేత్తో రాసిన కవరు చూసి చాలా కాలమైందట. కోర్టు నోటీసేమోనని నా మొహం వంక జాలిగా చూసి ఇచ్చి వెళ్లాడు.

నీ చెవులు పొడుగన్నది నిజమే. పని నాకే ఇచ్చారు. అది ఎలాంటి పనో విను. కిటికీలు లేని గది. గోడ మీద తెల్లబోర్డు, దాని మీద నాలుగొందల మృగాల పేర్లు. ఒకదాని బలం తగ్గిస్తే ఇంకోటి నెత్తికెక్కుతుంది. దాని నెత్తిన మొడితే మూలన పడి ఉన్న మూడోది లేచి కూర్చుంటుంది. మా పెద్దాయన వచ్చి బోర్డు ముందు నిలబడి, ఏదో ఒకటి నచ్చగానే చప్పట్లు కొడతాడు. ఆయన కొడితే అందరం కొట్టాలి. ఆయనకు మేం పెట్టిన పేరు చప్పట్లాయన. ఆటను ఇంతవరకు ఆయన ఒక్కసారీ ఆడలేదు. ఆడితే నిష్పాక్షికంగా ఉండలేనట.

నిరుటి దాకా నేనేం చేసేదాన్నో నీకు తెలుసు. మీటల మీద "సరే", "వద్దు", "మళ్లీ ప్రయత్నించండి" అని రాసేదాన్ని. ఇంత చదువు చదివి మూడేళ్లు అదే రాశాను. నాకు దక్కిన మొదటి అసలైన పని ఇదే. ఇది చెడిందంటే మళ్లీ ఆ మీటల దగ్గరకే పంపిస్తారు. కాబట్టి నీకు మాటివ్వను. నేను నీకు అక్కనే గానీ, నత్తకు కాదు.

ఒక్క సంగతి మాత్రం చెబుతాను, ఇది ఊరందరికీ తెలిసిందే. పోయినసారి నీ ఆట మధ్యలో వ్యాఖ్యాత ఆవలించాడు. ఎంత ఆవలింతంటే, పక్కనున్న ఆయన లేచి మైకు తీసుకోవాల్సి వచ్చింది. నీ ఆట చూసినవాళ్లకంటే ఆ ఆవలింత చూసినవాళ్లే ఎక్కువ. దాన్ని చప్పట్లాయనా చూశాడు.

ఫిర్యాదుల పేజీలో నానా రాతలు రాసి నా పీకల మీదికి తేకు. అవన్నీ అచ్చు తీసి మా బల్లల మీదే పెడతారు.

అక్క


జూలై 1

అక్కకు,

ఫిర్యాదుల పేజీ ఎక్కడుంటుందో కూడా నాకు తెలియదు. నన్ను అంత చవకబారు మనిషిగా చూస్తావని అనుకోలేదు. నా పని నేను చూసుకుంటున్నాను. నిన్న ఒకాయన కళ్లజోడు మీద కూర్చుని, ఆ ముక్కలు రుమాల్లో కట్టుకొచ్చి, గ్యారంటీ ఉంది కదా అన్నాడు. మనుషుల మీద నాకు నమ్మకం పోతున్నది ఇలాంటివాళ్ల వల్ల.

అమ్మకు పళ్ల కొలతలు మూడోసారి తీశారు. పళ్ల డాక్టరంటే ఆమెకు మహా గురి. ఆయన నోట్లో చెయ్యి పెట్టినా మాట్లాడుతూనే ఉంటుంది. నీ ఉద్యోగం, నా ఉద్యోగం, మేడ మీది వాళ్ల కుళాయి కారడం, అన్నీ ఆయనకు తెలుసు.

నోట్లో నాలుక లేని
నీ తమ్ముడు


ఆగస్టు 9

నోట్లో నాలుక లేని తమ్ముడికి,

మార్పులు నిన్న అందరికీ ప్రకటించారు, కాబట్టి ఇక తిట్టుకోవడానికి అడ్డు లేదు. ముందు ఒక కథ చెబుతాను.

పోయిన నెల సమావేశంలో చప్పట్లాయన ఒక ఫిర్యాదు పైకి చదివాడు. "అయ్యా, నేను ముసలిదాన్ని. చూపు ఆనదు, వేళ్లు వంగవు. మనవలు ఆడే ఆటలో నేను ఆడగలిగేది ఒక్క బండనత్తతోనే. అది నాలాగే నెమ్మది. దాన్ని మార్చారంటే నాకింక దిక్కెవరు?" చదువుతూ చదువుతూ ఆయన కళ్లు తుడుచుకున్నాడు. అందరూ తుడుచుకున్నారు. నేను మాత్రం గుడ్లప్పగించి కింద సంతకం వంక చూస్తున్నాను. అది మన అమ్మ పేరు.

ఒరేయ్, అమ్మకు టీవీ రిమోట్‌లో మ్యూట్ ఎక్కడుందో తెలియదు. మనవలంటే ఎవరు? నాకు పెళ్లే కాలేదు, నిన్ను చేసుకునేవాళ్లు ఇంకా పుట్టలేదు. నువ్వు పెట్టిన ఆ ముసలమ్మ మొసలి కన్నీరు ఏం చేసిందో విను. బండనత్తను ఎలా ఉన్నది అలా వదిలేసి, తడిగుడ్డ ఒక్కటీ కాస్త తగ్గించి ఊరుకుందామని నేను రాసి పెట్టాను. అందరూ సరేనన్నారు. ఈ ఫిర్యాదు చదివాక చప్పట్లాయన బల్ల మీద చరిచాడు. "పాపం, ఆ తల్లి జీవితంలో ఉత్సాహం లేదు. ఆవిడ నత్తకు పౌరుషం తెప్పించాలి. ముసలివాళ్లు కూడా కుర్చీలోంచి లేచి ఆడాలి" అన్నాడు. తర్వాత చప్పట్లు.

మార్పులివి. ముడుచుకోవడం వరసగా రెండు వంతులు కుదరదు. తడిగుడ్డ నాలుగు వంతులకు ఆరిపోతుంది. మొండితనం అనే గుణం ఇక లేదు. దాని చోట పౌరుషం. నత్తకు తగిలిన ప్రతి దెబ్బకూ దాని బలం ఒక మెట్టు పెరుగుతుంది. అంటే ఇక ముడుచుకుని కూర్చోదు, తిరగబడుతుంది.

నీ నత్తను కాపాడుకోడానికి నువ్వు రాసిన అబద్ధమే దాని కొంప ముంచింది. ఇంతకంటే నేనేం చెప్పను?

అక్క


ఆగస్టు 18

గౌరవనీయులైన ఆటల అధికారిణి గారికి,

ముసలమ్మ ఫిర్యాదు నేనే రాశాను. ఒప్పుకుంటున్నాను. కానీ అందరూ సరేనన్నారు, నేనే కాపాడాలని చూశాను అన్న కథ చిన్నపిల్లలకు చెప్పు. చిన్నప్పుడు ఏ ఆటలోనైనా నువ్వు ఓడిపోయేలా ఉంటే మధ్యలో నిబంధన మారేది. పాచిక మంచం కిందికి దొర్లితే లెక్కలోకి రాదనేదానివి, నీకు ఆరు పడిందంటే మాత్రం మంచం కిందికి పాక్కుంటూ వెళ్లి చూసొచ్చేదానివి. ఇప్పుడు అదే పనికి జీతం ఇస్తున్నారు.

నేను గెలుస్తానేమోనని నీకు భయం. నిద్రమాత్ర నీ తమ్ముడని మీ ఆఫీసులో తెలిస్తే నామోషీ. అంతేగా.

నేను ఆట మానేశాను. నాలుగేళ్లుగా పెంచుకున్న నత్తను వదిలేశాను. పెద్ద పోటీకి రానని రాసేస్తున్నాను. నీ కడుపు చల్లబడిందనుకుంటాను.

కళ్లజోళ్లవాడు


సెప్టెంబరు 2

ఆట మానేసిన మహాత్ముడికి,

నీ ఉత్తరం చదివి ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఎందుకు ఏడ్చానో అక్కడ ఎవరికీ చెప్పుకోలేక, కంట్లో నలక పడిందన్నాను. కళ్లజోళ్లవాడి అక్కను కదా, అందరూ నమ్మారు. నీ కోసం నేను చప్పట్లాయనతో నిజంగానే పోట్లాడాను. నాకెందుకులే అని ఊరుకోలేదు. నువ్వు గెలిస్తే నామోషీ అన్న మాట మాత్రం నాకు బాగా నొప్పి పెట్టింది.

మర్నాడు అమ్మకు ఫోన్ చేశాను. ఎలా ఉన్నాడని అడిగాను. "వాడికేం, అన్నం దగ్గర కూడా ఆ ఆట మరే పట్టుకుని కూర్చుంటున్నాడు. పెద్ద పోటీ ఉందిగా" అంది.

నా ఏడుపు నాకు తిరిగి ఇచ్చెయ్. ఇకమీదట నువ్వు సూర్యుడు తూర్పున ఉదయించాడని రాసినా, నేను ఒకసారి కిటికీలోంచి చూసి గానీ నమ్మను.

అక్క


అక్టోబరు 11

అక్కా,

ఈసారి వెటకారం లేదు. నువ్వు నమ్మవని తెలుసు, అందుకే ఒట్టేసి మొదలుపెడుతున్నాను. అమ్మ మీద ఒట్టు, ఫిర్యాదులోని అమ్మ మీద కాదు, మన అమ్మ మీద.

నీ పౌరుషంలో ఒక లొసుగుంది. పెద్ద పోటీలో అన్నీ జంట ఆటలే కదా. ఒక్కొక్కరూ రెండేసి మృగాల్ని దించుతాం. తగిలిన ప్రతి దెబ్బకూ బలం పెరుగుతుందని రాశారు గానీ, ఎవరి దెబ్బో రాయలేదు. సొంత జట్టువాడు కొట్టినా పెరుగుతోంది. టకటక పిచ్చుకని ఒకటుంది చూడు, దాన్నెవరూ పట్టించుకోరు. దాని ఎత్తు ఒకే వంతులో ఐదుసార్లు పొడవడం. ఐదు పోట్లూ కలిపినా దోమ కుట్టినంత. ఆ పిచ్చుకను నత్త పక్కన దించి, నత్తనే పొడవమన్నాను. బలం ఐదు మెట్లెక్కింది. తర్వాతి వంతులో నత్త దొర్లుకుంటూ వెళ్లి గుద్దింది. అవతలి రెండూ ఒక్క దెబ్బకు పోయాయి. మళ్లీ చేసి చూశాను. ఎవర్ని దించినా అంతే. దీనికి విరుగుడు లేదు.

మా షాపు వెనక గదిలో, అద్దాలు అరగదీసే యంత్రం పక్కన కూర్చుని ఇది చూశాను. ఇది వాడితే నేనే గెలుస్తాను. కానీ అంత పెద్ద హాల్లో నత్త రెండు వంతుల్లో అందర్నీ తుడిచిపెట్టేస్తే, దాన్ని ఇలా తయారుచేసిందెవరని అడుగుతారు. నిన్ను మళ్లీ "సరే", "వద్దు" దగ్గర కూర్చోబెడతారు. అందుకని నేను వాడను. పోటీలోపు సరిచెయ్యి. నువ్వే కనిపెట్టానని చెప్పుకో, నాకేం అభ్యంతరం లేదు.

నీ తమ్ముడు


అక్టోబరు 24

ముసలమ్మ గారికి నమస్కారాలు,

బాగున్నారా? వేళ్లు వంగుతున్నాయా?

నాయనా, నీ తెలివి ఈసారి పరాకాష్ఠకు వెళ్లింది. పోటీకి ఇంత దగ్గర్లో గుణాన్ని కొత్తగా రాయడానికి వ్యవధి ఉండదని నీకు తెలుసు. పౌరుషం పనికిరాదంటే మేం చేయగలిగింది ఒక్కటే, దాన్ని తీసేసి పాత మొండితనాన్ని తిరిగి పెట్టడం. నీకు జూన్ నుంచీ కావలసింది అదే. ఏం చక్కగా కలిసొచ్చిందో చూడు.

పైగా నా ఉద్యోగం కోసం నువ్వు గెలుపు వదులుకుంటున్నావట. ఇది చదివినప్పుడు నవ్వొచ్చిందంటే నమ్ము. బొంకడంలో నీకు అవార్డులిచ్చారు, నీ మృగం చేతిలో ఏ వస్తువుందో అవతలివాడు చచ్చినా కనుక్కోలేడని. ఆ విద్య నా దగ్గర చూపించకు.

మా పరీక్షల విభాగం పౌరుషాన్ని పైనుంచి కిందిదాకా చూసింది. అంతా బాగుందని సంతకం పెట్టింది. నేను వాళ్లను నమ్ముతాను. చప్పట్లాయన దగ్గరకు వెళ్లి ఒక పిచ్చుక సొంత స్నేహితుడిని పొడుస్తోందండీ అంటే, ఏ పిచ్చుక చెప్పిందని అడుగుతాడు. అప్పుడు మన ఉత్తరాల సంగతీ బయటపడుతుంది.

పోటీకి బాగా తయారవు. ముందు వరసలో కూర్చుంటాను.

అక్క


నవంబరు 5

అక్కకు,

సరే.

నువ్వు నమ్మకపోవడానికి కారణం నేనే, అది నాకు తెలుసు. కానీ రెండు కుర్చీలు దగ్గరికి లాక్కుని, పక్కవాడిని పిలిచి, ఒక ఆట ఆడి చూసి ఉంటే తేలిపోయేది. దానికి నన్ను నమ్మాల్సిన పని కూడా లేదు. నువ్వు ఆ మాత్రం చెయ్యలేదు, అది మాత్రం నా తప్పు కాదు.

మనసు బాగోక, అన్నం దగ్గర అమ్మకు అంతా చెప్పాను. పిచ్చుక, నత్త, నువ్వు, నేను, అన్నీ. ఆమెకు ఏం అర్థమైందో గానీ, అంతా విని, "దాని ఉద్యోగం కంటే నీ ఆట ఎక్కువా? మంచి పని చేస్తున్నావు" అని నెత్తి నిమిరింది. మర్నాడు పళ్లు సరిచూపించుకోవడానికి హుషారుగా బయలుదేరి వెళ్లింది. కొత్త పళ్లతో ఆమె నవ్వు బాగుంది. కాస్త పెద్దగా ఉంది, అంతే.

నేను వాడను అన్న మాట మీదే ఉన్నాను.

తమ్ముడు


డిసెంబరు 20

తమ్ముడూ,

హాల్లో నీ దగ్గరకు రావాలని చూశాను. నువ్వు వెనక తలుపులోంచి వెళ్లిపోయావు. ఫోన్ ఎత్తడం లేదు. అందుకే రాస్తున్నాను.

చివరి ఆటకు నువ్వూ పళ్ల డాక్టరూ ఎదురెదురుగా కూర్చున్నప్పుడు నా గోళ్లు సగం అయిపోయాయి. నువ్వు నత్తనూ కప్పనూ దించావు. జనం అప్పుడే ఆవలింతలు మొదలుపెట్టారు. పళ్ల డాక్టరు కూడా నత్తనే దించాడు. దాని పక్కన పిచ్చుకను దించాడు. నీ అక్టోబరు ఉత్తరం గుర్తొచ్చింది. పిచ్చుక తన పక్కనున్న నత్తను పొడవడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. వ్యాఖ్యాత, "ఏం చేస్తోందండీ ఇది, సొంతవాడినే పొడుస్తోంది" అని అరిచాడు. ఆయన నీ ఆటలో గొంతు పెంచడం నేను మొదటిసారి విన్నాను. తర్వాత డాక్టరు నత్త దొర్లింది. నీ నత్తా కప్పా రెండూ పోయాయి. మిగిలినవాటిని దించావు, అవీ పోయాయి. హాలంతా లేచి నిలబడింది. నువ్వు తల ఎత్తలేదు.

ఆ తర్వాత జరిగింది చెప్పాలంటే నాకు సిగ్గేస్తోంది. చప్పట్లాయన పరుగున వేదిక ఎక్కి, ఇదంతా మేం ముందే అనుకున్నది, ఎవరు కనిపెడతారా అని దాచి ఉంచాం అని ప్రకటించాడు. అందర్లో ఉత్సాహం నింపాలన్న తన కల నెరవేరిందన్నాడు. నన్ను పైకి పిలిచి చేతికి పూలగుత్తి ఇచ్చాడు. గుణాల విభాగం మొత్తానికీ ఇక నేనే అధిపతినట. నువ్వు ఓడిన కుర్చీ ఇంకా అక్కడే ఉంది. దాని పక్కనే నిలబడి పూలు పట్టుకుని నవ్వాను. ఫొటోలు తీశారు.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకు వెళ్లి, రెండు కుర్చీలు లాక్కుని, పక్కతన్ని పిలిచి ఆడి చూశాను. నువ్వు రాసింది రాసినట్టే జరిగింది. టీ తాగేలోపు తేలిపోయింది.

నేను తప్పు చేశాను. నువ్వు నా ఉద్యోగం కోసం నిజంగానే ఆగావు. నేను దాన్ని చదివి నవ్వాను. ఆ మాట తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

అందుకే ఒక నిర్ణయానికొచ్చాను. లొసుగును ముందే కనిపెట్టింది నువ్వని, అక్టోబరులోనే నాకు చెప్పావని, నేను పెడచెవిన పెట్టానని అందరికీ తెలిసేలా రాసేస్తాను. ఉద్యోగం పోతే పోనీ. కనీసం నువ్వెందుకు ఓడావో లోకానికి తెలియాలి. నీ జవాబు రాగానే పంపిస్తాను.

అక్క


డిసెంబరు 29

అక్కకు,

పంపకు.

నీ మీద దయతో చెబుతున్నానని పొంగిపోకు. నీ మీద నాకు బోలెడంత కోపముంది, అది ఇప్పట్లో తగ్గదు. ఆ పూలగుత్తి ఫొటోను మా యజమాని షాపు గోడకు అంటించాడు, కళ్లజోళ్లవాడి అక్క గొప్పదని. రోజూ దాని కిందే కూర్చుని స్క్రూలు బిగిస్తున్నాను.

కారణం వేరే ఉంది. మొన్న పళ్ల డాక్టరు కళ్లజోడు బాగుచేయించుకోవడానికి వచ్చాడు. నా ఎదురుగా కూర్చున్నాడు. కాసేపు గోడల వంక చూసి, తనే అన్నాడు. "మీ అమ్మగారు చెప్పారండీ. మా వాడు గెలవగలిగీ గెలవడు, వాళ్లక్క ఉద్యోగం పోతుందని ఊరుకుంటున్నాడు అని. పిచ్చుక, నత్త అని రెండు ముక్కలన్నారు. మిగతాది నేను ఇంటికెళ్లి చూసుకున్నాను." తెలిసీ వాడటానికి మనసెలా ఒప్పిందండీ అని అడిగాను. "నాకు అక్కలు లేరండీ" అన్నాడు. స్క్రూ కొంచెం వదులుగా బిగించి ఇచ్చాను.

అమ్మ నా మంచితనం గురించి గొప్పగా చెప్పుకుంది, అంతే. చెప్పిన సంగతి కూడా ఆమెకు గుర్తులేదు. డాక్టరు కుర్చీలో కూర్చుంటే ఎన్ని చెబుతుందో ఆమెకే తెలియదు. నువ్వు అదంతా రాసి లోకానికి చెప్పావనుకో, మరి డాక్టరుకెలా తెలిసిందని వీధి వీధంతా అడుగుతుంది. ఆయన మీ అమ్మగారే చెప్పారని దాచుకోకుండా చెబుతాడు. దాచుకునే మనిషి కాడు ఆయన.

ఇంకో సంగతి. నేను మహాత్ముడిని కాను. ఆ రోజు నా జట్టులోనూ పిచ్చుక ఉంది. నత్త పక్కన దాన్ని దించడానికి వేలు మీట మీద పెట్టాను. ముందు వరసలో నువ్వు గోళ్లు కొరుక్కుంటూ కనిపించావు. కప్పను దించాను. ఆ కొద్దిసేపట్లోనే డాక్టరు తన పిచ్చుకను దించాడు. ఇది నిన్ను పొడవాలనే రాస్తున్నాను, తెలిసి ఉండు.

అమ్మ నాలుగు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదు. నా బిడ్డ కడుపుకొట్టిన ఇంటిదొంగ ఎవరో వాళ్ల నోరు పడిపోను అని కొత్త పళ్లు నూరుతోంది. ఎవరో తేలేదాకా ఆలోచిస్తూనే ఉంటుంది. ఆలోచిస్తే ఏదో ఒక రోజు ఆ కుర్చీ గుర్తొస్తుంది.

కాబట్టి నువ్వు ఈ ఆదివారం అమ్మకు ఫోన్ చెయ్యి. నేను నీకు రాసిన సంగతిని నువ్వే ఆఫీసులో ఎవరి దగ్గరో నోరు జారి చెప్పేశావని, అక్కణ్నుంచే డాక్టరుకు చేరిందని చెప్పు. నిన్ను తిడుతుంది, చాలా తిడుతుంది. ఆమె తిట్టినంతసేపూ ఫోన్ పెట్టెయ్యకుండా విను.

తమ్ముడు